వేరును నూరితే వచ్చిన ఎంజైమ్ ఎవరిది?

2004 డిసెంబరు 26 నాటి భూకంపం అండమాన్ దీవులను ఒక కొస ఎత్తి, ఇంకో కొస దించింది. దక్షిణాన పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) పరిసరాల్లో నేల సుమారు ఒక మీటరు కుంగి, సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రపు నీరు చేరింది. ఉత్తరాన మాయాబందర్ వైపు నేల పైకి లేచింది. పగడపు దిబ్బలు నీళ్లు వదిలి బయటపడ్డాయి. పోటు నీరు అందని చోట్ల మడచెట్లు ఎండిపోయాయి. ఒకచోట ఉప్పునీరు ఎక్కువై, మరోచోట నీరే కరువై వచ్చిన కష్టాలివి. కానీ మొక్క కణంలోకి వెళ్లి చూస్తే రెండింటిలోనూ ఒకే నష్టం కనిపిస్తుంది. దాని పేరు ఆక్సీకరణ ఒత్తిడి.

నేను చదివింది భౌతికశాస్త్రం. జీవరసాయనం అంటే మొదట్లో బెదురుగా ఉండేది. ఇది మాత్రం అచ్చంగా ఎలక్ట్రాన్ల లెక్కే. శ్వాసక్రియలో ఒక ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లు అందుకుంటే నీరవుతుంది. దారిలో ఒక్కటే జారి దానికి తగిలితే సూపర్ ఆక్సైడ్, రెండు చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ పెరాక్సైడ్‌కు కణంలోని ఇనుము తోడైతే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పుట్టాక పట్టుకోగల ఎంజైమ్ లేదు. ఎదురుపడిన కొవ్వునో ప్రోటీన్‌నో అక్కడికక్కడే పాడుచేస్తుంది. అందుకే కణం ముందు మెట్ల దగ్గరే కాపలా పెట్టుకుంటుంది. సూపర్ ఆక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ గుర్తించారు. ఆ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే పని కేటలేజ్‌ది. మొదటి ఎంజైమ్ పని చేసి రెండోది చేయకపోతే పెరాక్సైడ్ పేరుకుపోతుంది.

ఇక వేళ్ల దగ్గరకు వద్దాం. మాయాబందర్ తోటల్లోని వక్క, కొబ్బరి, మిరియం ఒంటరిగా బతికే మొక్కలు కావు. వాటి వేళ్లలో మైకోరైజా శిలీంధ్రాలు కాపురముంటాయి. ఆమ్ల నేలల్లో భాస్వరం ఇనుము, అల్యూమినియంలకు అంటుకుపోయి వేరుకు సులువుగా దొరకదు. వేరు చేరలేని సందుల్లోకి ఈ శిలీంధ్రం సన్నని పోగులు పంపి దాన్ని తెచ్చిపెడుతుంది. (ఆ భాస్వరాన్ని కొలవడానికి వాడే ప్రసిద్ధ పద్ధతి ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించినదే.) బదులుగా మొక్క చక్కెరలు ఇస్తుంది. కొవ్వు ఆమ్లాలు కూడా ఇస్తుందని 2017లో తేలింది.

ఈ శిలీంధ్రం వేరు కణంలోకి చొరబడి, చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మలు కొద్ది రోజులే ఉంటాయి. వాటి చుట్టూ హైడ్రోజన్ పెరాక్సైడ్ చేరుతున్నట్లు సూక్ష్మదర్శినిలో చూశారు. బయటివాళ్లు లోపలికొస్తే మొక్క వాడే ఆయుధాల్లో అదీ ఒకటి. అతిథికైనా కొంత వేడి తప్పదన్నమాట! మరి శిలీంధ్రం ఎలా తట్టుకుంటుంది? ఇటలీలోని టురిన్ పరిశోధకులు 2005లో జైగాస్పోరా మార్గరీటా అనే జాతిలో రాగి, జింకు ఉన్న సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ జన్యువును గుర్తించారు. పప్పుజాతి మొక్కల వేళ్లలో కాపురం మొదలయ్యాక ఆ జన్యువు మరింత చురుకవుతుందని చూపారు. అంటే శిలీంధ్రానికి సొంత కాపలా ఉంది.

చిక్కు కొలతలో వస్తుంది. చాలా ప్రయోగాల్లో కుండీలో మొక్క పెంచి, ఉప్పునీరు పోసి, వేరును నూరి ఎంజైమ్‌ను కొలుస్తారు. శిలీంధ్రం ఉన్న వేరులో తరచూ ఎక్కువే వస్తుంది. కానీ నూరిన రసంలో మొక్క, శిలీంధ్రం రెండూ కలిసిపోయాయి కదా! ఆకులో కొలిస్తే అది మొక్కదే అనుకోవచ్చు, వేరులో అలా కుదరదు. ఎవరిదో తేల్చాలంటే రెండింటి జన్యువులనూ విడివిడిగా చూడాలి. ఇంకో సంగతి: ఎంజైమ్ పెరగడం ఒక్కటే శుభవార్త కాదు. ఒత్తిడి పెరిగినా అది పెరుగుతుంది. కొవ్వులు పాడైతే మిగిలే మాలాన్‌డైఆల్డిహైడ్ తగ్గిందా, మొక్క బరువు పెరిగిందా అనేవి కూడా చూశాకే నమ్మాలి. ‘యాంటీ ఆక్సిడెంట్లు పెరిగాయి’ అన్న ఒక్క వాక్యంతో జీవన ఎరువు అమ్మేవాళ్లను ఈ ప్రశ్న అడగవచ్చు.

పొలంలో మరో చిక్కుంది. ఈ శిలీంధ్రాన్ని మామూలు బూజులా చక్కెర పళ్లెంలో పెంచలేం. దానికి బతికున్న వేరు కావాలి. భాస్వరం ఎరువు అతిగా వేసినా మొక్క దాన్ని దగ్గరకు రానివ్వదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఎక్కువకాలం బీడు ఉంచిన పొలాల్లో తర్వాతి పైరు గిడసబారడానికి ఈ శిలీంధ్రాలు తగ్గిపోవడమే కారణమని 1980లలో గుర్తించారు. అండమాన్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నీరు దిగే నేలైతే ఉప్పును కొన్ని వానాకాలాలు కడిగేయగలవు. శిలీంధ్రం తిరిగి పెరగాలంటే మాత్రం అక్కడ ముందు ఏదో ఒక మొక్క వేరు పట్టాలి.