‘అవుతాడు’ అని రాసే ముందు

జనవరి ఆఖరుకి పన్నెండో తరగతి గది సగం ఖాళీ అవుతుంది. ప్రాక్టికల్స్ అయిపోతాయి, రికార్డు పుస్తకాల మీద సంతకాలు పడిపోతాయి. బోర్డు పరీక్షలు ఫిబ్రవరి మధ్యలో గానీ మొదలవవు. పదకొండో తరగతి వాళ్ళు వీడ్కోలు సభకి చందాలు పోగుచేస్తూ వరండాల్లో తిరుగుతుంటారు. ఎవరో ఒకరు ఆటోగ్రాఫ్ పుస్తకం పట్టుకొస్తారు. అందులో అందరూ రాసేది ఒకటే: చాలా మంచివాడు, బాగా కష్టపడతాడు, తప్పకుండా డాక్టరవుతాడు. పేరు మార్చి పక్కవాడి పేజీలో అతికించినా ఎవరికీ తేడా తెలియదు.

మా శనివారం తెలుగు క్లాసులో ఈసారి పన్నెండో తరగతి వాళ్ళు ఏడుగురున్నారు. సాల్ట్ లేక్‌లో తెలుగు టైంటేబుల్లో ఉండే సబ్జెక్టు కాదు. వారమంతా నా పాఠాలు వేరు. శనివారం బడి అయ్యాక లైబ్రరీలో ఓ ముప్పావుగంట కూర్చుంటాం. ఒకరి నాన్నగారిది జియలాజికల్ సర్వే, ఒకరిది సి.ఆర్.పి.ఎఫ్., ఇద్దరివి బ్యాంకులు, ఇంకో ఇద్దరివి సి.జి.ఓ. కాంప్లెక్స్‌లో ఆఫీసులు. ఏడో అమ్మాయి తాతగారు రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఈ ఏడుగురికీ నేనిచ్చిన పని చిన్నదే. పక్కనున్న స్నేహితుడి గురించి ఒక పేజీ రాయాలి: ఎలాంటివాడు, ఏం చేస్తుంటాడు, ఇక్కణ్ణించి ఎటు వెళ్తాడు. పేర్లు రాయకూడదన్నది వాళ్ళు పెట్టిన షరతు.

ఏడు పేజీలూ ఆటోగ్రాఫ్ పుస్తకంలాగే వచ్చాయి. ఏడింట్లోనూ ‘అవుతాడు’, ‘అవుతుంది’. అందుకే ఈ పాఠం.

ముందు క్రియ సంగతి చూద్దాం. ‘వాడు రోజూ మెట్రోలో వెళ్తాడు’ అన్నాం. ‘వాడు రేపు మెట్రోలో వెళ్తాడు’ అని కూడా అన్నాం. మొదటిది అలవాటు, రెండోది జరగబోయేది. రెండిటికీ రూపం ఒక్కటే. మీకు హిందీ వచ్చు, బెంగాలీ చెవిన పడుతూనే ఉంటుంది కాబట్టి పోల్చుకోండి. హిందీలో అలవాటుకి ‘జాతా హై’, రేపటికి ‘జాయేగా’. బెంగాలీలో ‘జాయ్’ ఒకటి, ‘జాబే’ ఇంకొకటి. మనకి మాత్రం ‘వెళ్తాడు’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నప్పటి ఈ స్వభావార్థాన్ని వ్యాకరణంలో తద్ధర్మం అంటారు. పాత గ్రాంథికంలో రేపటి పనికి ‘రాగలడు’ వంటి రూపం వేరుగా ఉండేది. ఇవాళ ఆ మాట వింటే వాడికి వచ్చే శక్తి ఉందనే అనుకుంటాం. నోటీసు బోర్డు మీద ‘గమనించగలరు’ అన్నచోట దాని నీడ కాస్త మిగిలింది, అంతే.

దీన్ని లోపం అనుకోకండి. రోజూ, రేపు, వచ్చే ఏడు లాంటి మాట ఒకటి పక్కన పెడితే అర్థం తేలిపోతుంది. ఆ మాట పెట్టనప్పుడే చిక్కు. ‘వాడు లేటుగా వస్తాడు’ అంటే ఇవాళ్టి కబురా, వాడి గుణమా?

వ్యతిరేకార్థంలో చిక్కు ఇంకా ఎక్కువ. రాడు, చెయ్యడు, మాట్లాడడు. వీటిలోనూ అలవాటూ రేపూ కలిసే ఉంటాయి. ఈ సంగతి నాకు పుస్తకం చదివితే తెలియలేదు.

నా ఉద్యోగంలో ఇది అయిదో ఊరు. రెండో ఊళ్ళో పదో తరగతికి క్లాస్ టీచర్ని. తల్లిదండ్రుల సమావేశానికి ఒక తెలుగాయన వచ్చారు. అంత దూరంలో మన భాష వినేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. లెక్కల మాస్టారి రిజిస్టరు నా ముందుంది. ‘మీ వాడు లెక్కలు చెయ్యడండీ’ అన్నాను. నా ఉద్దేశం, రెండు నెలలుగా హోంవర్కు తేవట్లేదని. ఆయన చెవికి చేరింది వేరు, వీడి వల్ల కాదని. పిల్లాడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఫలితాలు వచ్చాక వాణ్ణి లెక్కలు లేని గ్రూపులో చేర్చారు. రెండేళ్ళ తర్వాత, వీడ్కోలు సభ రోజున, చొక్కా మీద అందరి సంతకాలూ పెట్టించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. పెన్ను నా చేతికిచ్చి, ‘ఆ రోజు మీరు చెయ్యట్లేదు అని ఉంటే బావుండేది మేడమ్. అప్పుడు అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు’ అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏం రాయాలో తోచక చొక్కా మీద నా పేరొక్కటే రాశాను.

ఒక్క క్రియ వల్లే అంతా జరిగిందని అనను. మార్కులున్నాయి, ఇంటి పరిస్థితి ఉంది. కానీ ఆ తండ్రి ఇంటికి పట్టుకెళ్ళింది నా నోటి మాట. ‘చెయ్యట్లేదు’ అనుంటే ఎందుకు చెయ్యట్లేదని ఆయన అడిగేవారు. ‘చెయ్యడు’ అన్నాక అడగడానికేం మిగల్లేదు.

అందుకని పిల్లలూ, స్నేహితుడి గురించి రాసేటప్పుడు ‘మాట్లాడడు’, ‘చదవడు’ అని కలం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ మధ్య మాట్లాడట్లేదా? క్లాసులో మాట్లాడడా, అసలెక్కడా మాట్లాడడా? మా గోల్‌కీపర్ గురించి మొదటి పేజీలో ‘శాంతస్వభావుడు, ఎవరితోనూ మాట్లాడడు’ అని ఉంది. రెండోసారి రాసినప్పుడు ఇలా వచ్చింది: ‘గోల్ పడినా పక్కవాళ్ళ మీద అరవడు. ఆట అయ్యాక బంతులు లెక్కపెట్టి స్పోర్ట్స్ గదిలో పెట్టేదాకా ఇంటికి కదలడు. ఒక బంతి తక్కువైతే కాలవ పక్కనంతా వెతుకుతాడు.’ శాంతస్వభావుడు అన్న మాట ఎగిరిపోయింది. మనిషి వచ్చాడు. ఇక్కడ కూడా ‘అరవడు’, ‘కదలడు’ ఉన్నాయి. కానీ వాటి పక్కన ఎప్పుడు, ఎక్కడ అన్నది ఉంది కాబట్టి అపార్థానికి చోటు లేదు.

అసెంబ్లీలో వార్తలు చదివే అమ్మాయి పేజీలో కూడా అంతే. ‘ధైర్యవంతురాలు, లాయరవుతుంది’ అన్నది కాస్తా మారి, ‘మైకు ఆగిపోతే ఈమె ఆగదు, గొంతు పెంచి చివరి వార్త దాకా చదివేస్తుంది, క్లాట్ రాసింది, మన సాల్ట్ లేక్‌లోనే ఉన్న న్యాయ విశ్వవిద్యాలయంలో సీటొస్తే హాస్టల్‌కి పోకుండా ఇంటి నుంచే వెళ్తానంటోంది, వాళ్ళమ్మ వంట కోసం’ అయింది. చివరి మూడు మాటలూ కొట్టేయమని ఆ అమ్మాయి గొడవ చేసింది. నేనే ఉంచాను.

ఇక రేపటి మాట. భవిష్యత్తుకి మనకి ప్రత్యేక రూపం లేదన్నానే గానీ, ఆ భవిష్యత్తు ఎవరి నోట్లోంచి వస్తోందో చెప్పడానికి మాత్రం తెలుగులో రూపాలకి కరువు లేదు. ‘డాక్టరవుతాడు’ అని రాస్తే ఆ హామీ మీది. రేపు కాకపోతే వాడు మీకూ జవాబు చెప్పుకోవాలి. ‘డాక్టరవుతానంటున్నాడు’ అంటే మాట అతనిది. ‘డాక్టరవ్వాలనుకుంటున్నాడు’ అంటే మనసులోది, అది మీకు చెప్పాడా, మీరే ఊహించారా అని అడగాల్సి ఉంటుంది. ‘డాక్టరవ్వాలట’ అన్నామనుకోండి, ఎవరో అంటుంటే విన్నామన్న సంగతి ఆ ‘ట’ ఒక్కటే చెప్పేస్తుంది. ఇక్కడికి రాగానే ఆరుగురు ఒక్కసారి నవ్వారు. ఇంట్లో రోజూ వినే అక్షరం కదా.

నవ్వనిది ఒక్కడే. నీట్‌కి చదువుతున్న అబ్బాయి. అతని గురించి రాయాల్సిన స్నేహితుడు మర్నాడే నా దగ్గరికి కొత్త పేజీ తెచ్చాడు. ‘వీడు డాక్టరవ్వాలట. వీడి బయాలజీ రికార్డు మా సెక్షన్లో అందరూ అడిగి తీసుకుంటారు. పుప్పొడి మొలకెత్తే బొమ్మ వేస్తే స్లైడు చూడక్కర్లేదు. కానీ భాగాల పేర్లు రాయడం మర్చిపోతాడు, మార్కులు పోతాయి. సరస్వతీ పూజకి మెట్ల దగ్గర ఆల్పొనా ప్రతి ఏడూ వీడే వేస్తాడు. బుక్ ఫెయిర్‌కి సెంట్రల్ పార్కుకి వెళ్తే పుస్తకాలు కొనడు, అట్టల మీద బొమ్మలు చూస్తూ నిలబడతాడు. ప్రభుత్వ ఆర్ట్ కాలేజీకి ఎలా అప్లై చెయ్యాలో కనుక్కుంటున్నాడు.’

పేజీ నా చేతికిచ్చి, ‘మేడమ్, ఇది మ్యాగజైన్లో పడితే వాళ్ళ నాన్నగారు చదువుతారు’ అన్నాడు. నిజమే. పేరు లేకపోయినా ఏడుగురిలో ఎవరో పోల్చుకోవడం ఎంతసేపు? చివరి వాక్యం తీసేద్దామా అన్నాను. ‘అది తీసేస్తే మిగతాదంతా ఎందుకు రాసినట్టు?’ అన్నాడు. పేజీని బొమ్మల అబ్బాయికే ఇచ్చి, ఉంచాలో తీయాలో నువ్వే చెప్పు అన్నాను. వారం రోజులు అట్టిపెట్టుకున్నాడు. ‘ఆదివారం ఇంట్లో మాట్లాడతాను, ఆ తర్వాత వేసుకోండి’ అన్నాడు. ఆ ‘మాట్లాడతాను’ తద్ధర్మం కాదని మా ఇద్దరికీ తెలుసు, వాళ్ళ ఇంట్లో ఆ అలవాటు లేదు. సోమవారం పొద్దున అసెంబ్లీ లైన్లోంచి నాకేసి చూసి తలూపాడు. మాట్లాడాడట. నాన్నగారు ఏమన్నారో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. నీట్ రాస్తున్నాడు. ఆర్ట్ కాలేజీ సంగతి కూడా వదల్లేదు.

ఖరగ్‌పూర్ వారి అమ్మాయి గురించి రెండు ముక్కలు. ఈమె తెలుగులో బెంగాలీ కలుస్తుంది, ‘జల్దీ’ అనాల్సిన చోట మనందరం తడబడితే ఈమె ‘తాడాతాడి’ అంటుంది. మిగతా ఆరుగురూ ఏ ఊరికి పోవాలా అని లెక్కలు వేసుకుంటుంటే ఈమె ఒక్కతే ‘నేను ఇక్కడే ఉండిపోతాను’ అని రాయించుకుంది. జాదవ్‌పూర్‌లో బెంగాలీ సాహిత్యం చదువుతుందట. కాదు, సరిదిద్దుకుంటాను: చదువుతానంటోంది. తనే చెప్పింది.

పాఠం అయ్యాక ఈమే అడిగింది, ‘వచ్చే ఏడు మీరు ఇక్కడే ఉంటారా మేడమ్?’ అని. 1921లో మైసూరు నుంచి కలకత్తా విశ్వవిద్యాలయానికి బయల్దేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిని బండిలో కూర్చోబెట్టి విద్యార్థులే స్టేషన్ దాకా లాక్కెళ్ళారని ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఏటా వింటాం. మాకు అంత హంగామా ఉండదు. ఆర్డరు వస్తుంది, రెండు పెట్టెలు సర్దుకుంటాం, హౌరాలో ఫలక్‌నుమా ఎక్కుతాం, లేదంటే ఇంకో దిక్కుకి పోయే ఇంకో రైలు. ఆమెకి ‘ఉంటాను’ అని జవాబు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ‘ఇప్పటికైతే ఉన్నాను’ అన్నాను.

మిగిలిన మూడు పేజీలు ఇంకా నా బల్ల మీదకి రాలేదు. వచ్చే శనివారం లోపు తిరగరాసి తెండి. ‘అవుతాడు’ ఉన్న ప్రతిచోటా ఎవరన్నారో పక్కన రాయండి. ఎవరూ అనకపోతే, వాడినే అడిగి రండి.