‘ముట్టింది’ అని రాసే ముందు

ఉద్యోగం మానేసే రోజు హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చే కాగితాల కట్టలో ఒకటి జాగ్రత్తగా చదవండి. రావలసినదంతా ముట్టింది, ఇక కంపెనీ నుంచి అడగవలసిందేమీ లేదు అని ఉంటుంది. డబ్బు చూస్తే ఇంకా ఖాతాలో పడి ఉండదు. రిలీవింగ్ లెటర్ చేతికొస్తే చాలని చాలామంది సంతకం పెట్టేస్తారు.

ఈ ‘ముట్టింది’కి కొత్త నిబంధన గ్రీకులో సరిజోడు మాట ‘అపెఖో’. ఈజిప్టు ఇసుకలో దొరికిన పాపిరస్ కాగితాల మీద, పన్ను రసీదులుగా వాడిన కుండపెంకుల మీద ఇది కనిపిస్తుంది. జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్మన్ 1908లో అచ్చయిన తన పుస్తకంలో ఆ రసీదుల వెలుగులోనే బైబిలు మాటను చదివాడు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో బూర ఊదించుకుని దానం చేసేవాళ్ల గురించి యేసు వాడిన క్రియ ఇదే. వాళ్లకు మెప్పు ముట్టింది, లెక్క చెల్లు, పైవాడి దగ్గర ఇంక బాకీ లేదు. ఎంత చురక!

అపొస్తలుడు పౌలు ఇదే మాటను మర్యాదగా వాడాడు. చెరలో ఉన్న తనకు ఫిలిప్పీ సంఘం సాయం పంపితే, అంతా ముట్టిందని జవాబు రాశాడు (ఫిలిప్పీయులకు 4:18). ఎపఫ్రొదితు చేతుల మీదుగా అందిందని కూడా చెప్పాడు. అందాక రాశాడు, తెచ్చినవాడి పేరుతో రాశాడు. మన ఆఫీసు కాగితాలకు ఇంతకంటే మంచి నమూనా నాకు తెలీదు.

కాబట్టి ‘అంతా’ అన్న మాట దగ్గర ఆగండి. ఆఖరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, బోనస్, ఖర్చుల బిల్లులు విడివిడిగా చూపించే సెటిల్‌మెంట్ షీట్ అడగండి. గ్రాట్యుటీకి అర్హత ఉంటే అది 30 రోజుల్లో చెల్లించాలన్నది చట్టం. ఇప్పుడే సంతకం కావాలని పట్టుబడితే, ఏది ముట్టిందో, ఎంతో, ఏ తేదీనో, ఇంకా ఏది రావాలో సంతకం పైన మీ చేత్తో రాయండి. కాగితాన్ని ఫోటో తీసుకుని, అదే రోజు సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు పంపండి. ఆఫీసు మెయిల్ సాయంత్రానికి ఆగిపోతుంది.