పత్తి గింజలో పరాయి జన్యువు

‘బీటీ’ అనే మాట వినని పత్తి రైతు తెలుగునాట ఉండడు. కాని ఆ మాటకు అర్థమేమిటని పిల్లలు అడిగితే, “అదొక మందు గింజలేరా” అని పెద్దలు ఊరుకుంటారు. పత్తి పండించే ఇంట పుట్టి బి.యస్సీ. చదువుతున్న నాకు ఈ జవాబు చాలదనిపించింది. ఐదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసేటట్లు ఈ సంగతి చెప్పాలనే ప్రయత్నమే ఈ చిన్న వ్యాసం.

వరి గింజ వేస్తే వరే మొలుస్తుంది గాని జొన్న మొలవదు. ఎందుకని? ప్రతి జీవకణంలోను, ఆ జీవి ఎలా పెరగాలో, ఏయే ప్రోటీనులు తయారు చేసుకోవాలో చెప్పే పెద్ద గ్రంథం వంటిది ఒకటుంది. అది డి.ఎన్.ఎ. అనే పదార్థంతో రాసిన గ్రంథం. అందులోని ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క జన్యువు అనుకోండి. విశేషమేమంటే, బాక్టీరియా మొదలు మర్రిచెట్టు దాకా అందరి గ్రంథాలూ ఒకే లిపిలో ఉన్నాయి. కాబట్టి ఒకదానిలోని వాక్యాన్ని తీసి మరొకదానిలో చేర్చవచ్చు. అలా చేర్చిన జీవినే జన్యుమార్పిడి జీవి అంటారు. మధుమేహ రోగులు వాడే మానవ ఇన్సులిన్ ఈ పద్ధతిలోనే బాక్టీరియాల చేత తయారై 1982లో వాడకానికి అనుమతి పొందింది.

ఇక మన పత్తి. నేలలో బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని పొడి పేరే బీటీ. 1901లో జపానులో జబ్బు చేసిన పట్టుపురుగులలో దీన్ని మొదట కనుగొన్నారు. 1911లో జర్మనీలోని థురింజియా ప్రాంతంలో మళ్ళీ కనిపించడంతో ఆ పేరు వచ్చింది. ఇది తయారుచేసే ఒక ప్రోటీను గొంగళి పురుగు కడుపులో చేరితే పేగుకు చిల్లులు పడతాయి. పురుగు మేత మాని చచ్చిపోతుంది. ఈ ప్రోటీను తయారీ చెప్పే వాక్యాన్నే పత్తి గ్రంథంలో చేర్చారు.

దీని అవసరం ఎందుకొచ్చిందో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 1997-98లో ఎన్ని మందులు కొట్టినా పురుగు చావక, అప్పులు తీరక వరంగల్లు ప్రాంతంలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. రెండు బీటీ జన్యువులున్న రకం 2006లో వచ్చింది.

పిల్లలకు ఇక్కడ రెండు సందేహాలు వస్తాయి. “గింజలకు పూసిన రంగే బీటీనా?” కాదు. ఆ రంగు రసం పీల్చే పురుగుల నుంచి లేత మొక్కను కాపాడే మందుతో కలిపి పూసినది. బీటీ గింజ లోపలి జన్యువు, కడిగితే పోదు. “పురుగు చచ్చినప్పుడు మనకేమీ కాదా?” ఆ ప్రోటీను పనిచేయడానికి పురుగు పేగులోని క్షారగుణమూ, అది అతుక్కునే ప్రత్యేకమైన చోట్లూ కావాలి. మన జీర్ణాశయంలో ఉన్నది ఆమ్లం. ఆ చోట్లు మన పేగులో లేవు. అంతమాత్రాన జన్యుమార్పిడి పంటలన్నీ ఒకటేనని అనుకోరాదు. ఏ పంటకా పంటను పరీక్షించి చూడవలసిందే.

మరొక ముఖ్యమైన మాట. ఒక వాక్యం ఒక పనే చేస్తుంది. శనగపచ్చ పురుగును చంపే జన్యువు పచ్చదోమనూ తెల్లదోమనూ ఏమీ చేయదు. వాన కురిపించదు, ధర పెంచదు.

పైగా పురుగు కూడా ఊరుకోదు. వేలాది పురుగుల్లో ఏ ఒకటో రెండో బీటీని తట్టుకునేవి ఉంటాయి. చేనంతా బీటీ మొక్కలే అయితే చివరికి అవే మిగిలి, వాటిలో అవే జతకట్టి, తట్టుకునే సంతానాన్నే కంటాయి. అందుకే 450 గ్రాముల బీటీ గింజలతోపాటు 120 గ్రాముల మామూలు గింజల ప్యాకెట్టు ఇచ్చేవారు. చేను చుట్టూ అవి వేస్తే అక్కడ బతికిన మామూలు పురుగులు తట్టుకునే వాటితో జతకడతాయి. ఆ సంతానంలో ఎక్కువ భాగం బీటీ ఆకు తిని చస్తుంది. కాని రెండు మూడెకరాల రైతు పురుగుల మేతకని నేల వదులుకోవడం తేలికా? చాలామంది ఆ ప్యాకెట్టు వేయలేదు. 2010 నాటికి గుజరాతులో గులాబి రంగు పురుగు మొదటి జన్యువును తట్టుకున్నట్లు బయటపడింది. తరువాత రెండో జన్యువునూ తట్టుకుంది. ఈ పురుగు మన చేలలోనూ కాయలోపల దాగి గింజను తినేస్తున్నది.

కనుక బీటీ ఉన్నా పైరును వేసవి దాకా సాగదీయకుండా ముగించి పత్తికట్టె తీసివేయాలి. లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు జాడ కనిపెట్టాలి. విప్పిచ్చుకోని గుడ్డిపూలు కనబడితే ఏరి నాశనం చేయాలి.

జన్యువు దయ్యమూ కాదు, దేవుడూ కాదు. ప్రయోగశాలలో జీవశాస్త్రం చదివే మనం ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ చిన్న ప్యాకెట్టు ఎందుకిచ్చారో ఒక్క రైతుకు, ఒక్క పిల్లవాడికి విడమరచి చెప్పగలిగితే, మన చదువు మన ఊరికి అక్కరకొచ్చినట్లే.