లాగోస్ ప్రయాణానికి ముందు

తుని

చిరంజీవి బుజ్జికి,

లాగోస్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషంరా. టికెట్ కొనేలోపు నీకు కొన్ని సంగతులు చెప్పాలి.

గల్ఫ్ లాంటి 18 దేశాలకు వెళ్లే పదో తరగతి లోపు చదువువాళ్ల కాగితాలు చూసి మన ప్రభుత్వం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇస్తుంది. ఆ జాబితాలో నైజీరియా లేదు. అంటే నీ కాగితాలు నువ్వే చూసుకోవాలి.

ముందు వీసా రకం చూడు. అక్కడ ఉద్యోగానికి కావలసింది ఎస్‌టీఆర్ వీసా. బిజినెస్ వీసా మీద వెళ్లి ఉద్యోగం చేయకూడదు. కొద్ది నెలల పనికి టీడబ్ల్యూపీ అని వేరే అనుమతి ఉంది, ఏళ్ల తరబడి ఉండే ఉద్యోగానికి అది చాలదు. “ముందు వచ్చెయ్, కాగితాలు తర్వాత చూసుకుందాం” అన్నారంటే కదలకు. ఎస్‌టీఆర్‌తో దిగాక 90 రోజుల్లోపు కంపెనీ నీకు సెర్పాక్ అనే నివాస అనుమతి కార్డు చేయించాలి. దాని ఫీజును 2018లో వెయ్యి డాలర్ల నుంచి రెండు వేలకు పెంచారు. ఆ ఖర్చు కంపెనీదేనని ఆఫర్ లెటర్‌లో రాయించుకో.

కార్డు మీద నీ పేరున్నా, అనుమతి ఆ కంపెనీలోని ఆ పోస్టుకే. విదేశీయులను ఏ పోస్టుల్లో, ఎంతమందిని పెట్టుకోవచ్చో అక్కడి ప్రభుత్వం కోటా ఇస్తుంది. పక్క ఫ్యాక్టరీలో ఎక్కువ జీతం ఇస్తామన్నారని ఊరికే మారిపోతే ఆ రోజునుంచి అక్కడ ఉండటానికి నీకు చట్టపరమైన ఆధారం ఉండదు.

నేను నైజీరియాలోని కానోలో లెక్కల మాస్టారుగా ఉన్నప్పుడు, 1983 జనవరిలో, అనుమతి లేని విదేశీయులు రెండు వారాల్లో దేశం వదలాలని ఆర్డర్ వచ్చింది. ఎక్కువమంది ఘనావాళ్లు. పశ్చిమ ఆఫ్రికా దేశాల ఎకోవాస్ ఒప్పందం వాళ్లకు వీసా లేకుండా 90 రోజులే ఇచ్చింది, గడువు దాటినా వాళ్లు ఉండిపోయారు. పది లక్షలకు పైగా జనం మూటలతో వెళ్లిపోయారు. సర్కారు బడిలో కాంట్రాక్టు మీదున్న మా జోలికి ఎవరూ రాలేదు. వాళ్లకన్నా మేం ఎక్కువ కష్టపడ్డామని కాదు, మా దగ్గర కాగితం ఉంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇంకో మాట. ఒక్కో విదేశీ ఉద్యోగి దగ్గర ఇద్దరు నైజీరియన్లు పని నేర్చుకోవాలన్నది కోటా షరతు. చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోతుంది. నువ్వు మాత్రం మనసుపెట్టి నేర్పు. తన పిల్లలే పనికోసం ఎదురుచూస్తుంటే ఆ దేశం నీకు చోటిస్తోంది, నీ చేతిలోని విద్య వాళ్లకు అబ్బుతుందన్న ఆశతో. నేర్పితే నా ఉద్యోగం పోతుందేమోనని దాచుకోకు. ఆ దేశం రుణం తీర్చుకునే దారి నేర్పడమొక్కటే.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకో. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా ఆపేస్తారు. నీ పాస్‌పోర్టును కంపెనీ బీరువాలో పెట్టడానికి ఒప్పుకోకు. వెళ్లగానే అబుజాలోని మన హైకమిషన్‌లో పేరు నమోదు చేయించు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. కంపెనీని కోటా అప్రూవల్ కాపీ అడుగు. అదీ ఆఫర్ లెటరూ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. రెండింట్లో పోస్టు పేరు ఒకటో కాదో ఇద్దరం చూద్దాం. సరిపోయాకే ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వు.

నీ మేలు కోరే
పెదనాన్న