పాత ట్రాక్టరు ఇంజను ఆయిలు కారుతోందా? చుక్క పుట్టిన చోటు పట్టుకోండి

దుక్కుల కాలం వచ్చిందంటే వేసవంతా షెడ్డులోనో, చింతచెట్టు కిందో నిలబెట్టిన ట్రాక్టరును బయటికి తీస్తాం. బండి కదిలాక చూస్తే నేలమీద పళ్లెమంత నల్లటి మరక. ‘పాత బండి కదా, ఆమాత్రం కారదా’ అనుకుని అరలీటరు ఆయిలు పోసి పొలానికి తోలేస్తాం. లేదంటే కంగారుపడి ఇంజను విప్పించేస్తాం. రెండూ పొరపాటే.

ఒక ఊళ్లో జరిగిన సంగతి చెబుతా వినండి. 20 ఏళ్లు దాటిన మూడు సిలిండర్ల ట్రాక్టరు. క్లచ్ హౌసింగు కింద చుక్కలు పడుతుంటే చూసిన మెకానిక్కు ‘వెనక సీలు పోయింది’ అన్నాడు. ట్రాక్టరును రెండుగా విడదీసి సీలు మార్చారు. నాలుగు రోజులు పని ఆగింది. పదును పోతుందని ఆ రైతు కిరాయి ట్రాక్టరు పెట్టి దున్నించుకున్నాడు. తీరా వారం తిరక్కుండానే మళ్లీ అదే చోట చుక్కలు! చివరికి తేలిందేమిటంటే, ఇంజను గాలి వదిలే బ్రీదరు గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. ఇనుపతీగతో గూడు పొడిచేసి, గొట్టం డీజిలుతో కడిగితే కారడం ఆగిపోయింది. పైసా ఖర్చులేని పనికి ముందు వేలు పోశారన్నమాట.

అందుకే ఆయిలు కారుతుంటే వెతికే పద్ధతి ప్రతి ట్రాక్టరు రైతుకూ తెలియాలి. చుక్క పడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

ముందు గేజి పుల్ల చూడండి

ట్రాక్టరును చదునైన నేలమీద నిలిపి, ఇంజను ఆపిన పది నిమిషాలకు గేజి తీయండి. ఆయిలు పై గీత దాటి ఉంటే ఎక్కువ పోసినట్లే. అది లోపల చిలికి, సందు దొరికిన చోటల్లా బయటికి వస్తుంది. గీత దాకా తగ్గించండి.

మీరు పోయకుండానే మట్టం పెరిగిందా? అయితే ప్రమాదమే. రెండు వేళ్ల మధ్య రాసి చూడండి. పలచగా ఉండి డీజిలు వాసన వస్తే, ఫీడ్ పంపు డయాఫ్రమ్ చినిగో, ఎఫ్.ఐ. పంపు సీలు పోయో డీజిలు చాంబరులోకి దిగుతోందని అనుమానించాలి. డీజిలు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడదు. ఇక ఇంజను స్టార్టు చేయకండి. పంపు బాగుచేయించి, ఆయిలు, ఫిల్టరు మార్చాకే నడపాలి. మట్టం పెరిగి ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్లు. అప్పుడూ ఇదే మాట.

రెండోది బ్రీదరు

పిస్టను రింగుల పక్కనుంచి కొంత పొగ, గాలి కింది చాంబరులోకి దిగడం ఏ ఇంజనుకైనా మామూలే. అది బయటికి పోయేందుకే బ్రీదరు. దుమ్ము, మడ్డి, పురుగుల గూళ్లతో అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు మంచి సీలు కూడా ఆయిలును ఆపలేదు. కాబట్టి ఏ ప్యాకింగూ విప్పకముందే బ్రీదరు శుభ్రం చేయండి.

తర్వాత ఇంజను మెల్లగా తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు. బ్రీదరు బాగున్నా కూడా చుట్ట పొగలా గుప్పుగుప్పున కొడుతుంటే దాన్నే మెకానిక్కులు ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. రింగులు, బోరు అరిగాయన్నమాట. అలాంటి ఇంజనుకు ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు. ఆ డబ్బు రింగులు, బోరింగు పనికి దాచుకోవడం మేలు.

కడగండి, పౌడరు చల్లండి

ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిలో కొత్త చుక్క కనపడదు. ఇంజను బాగా చల్లారాక బ్రష్షుతో డీజిలు రాసి మడ్డి వదిలించి, సబ్బునీళ్లతో తుడవండి. పెట్రోలు వాడొద్దు, నిప్పంటుకుంటుంది. వేడి ఇంజను మీద, ముఖ్యంగా ఎఫ్.ఐ. పంపు మీద చన్నీళ్లు కొడితే పంపు పట్టేసే ప్రమాదముంది. డైనమో, సెల్ఫు మోటారుకు గుడ్డ కప్పండి.

పూర్తిగా ఆరాక, అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. ముగ్గుపిండి వద్దు. అందులో రాతిపొడి ఉంటే సీళ్లను గీస్తుంది. ఎయిర్ క్లీనరు దగ్గర ఏ పౌడరూ చల్లకూడదు. ఇంజను స్టార్టు చేసి పదిహేను నిమిషాలు నడపండి. తెల్లటి పొడిమీద తడిగీత ఎక్కడ మొదలైందో అదే దొంగ ఉన్న చోటు. ఫ్యాను, బెల్టు తిరుగుతున్నప్పుడు భుజాన తువ్వాలు, జారే లుంగీ ఉండకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టడం మరవొద్దు.

పైనుంచి కిందికి వెతకండి

ఆయిలు కిందికి జారుతుంది. ఫ్యాను గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందువల్ల తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనా, ముందూ ఉన్నదాన్నే మొదట చూడాలి.

ట్యాపెట్ కవరు: పాత కార్కు ప్యాకింగు ఎండి గట్టిపడి చిట్లుతుంది. దీని వెనక మూలనుంచి కారిన ఆయిలు ఇంజను వెనక గోడమీదుగా దిగి, అచ్చం వెనక సీలు పోయినట్లే కనిపిస్తుంది.

ఆయిల్ ఫిల్టరు: గిన్నె రకం ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు గాడిలోనే ఉండిపోయి, దానిమీద కొత్తది పడితే ఆయిలు ధారగా పోతుంది. పాతది తీశారో లేదో వేలితో తడిమి చూడండి.

ప్రెషరు స్విచ్చి, మీటరుకు వెళ్లే సన్నగొట్టం: ఇక్కడ ఆయిలు ఒత్తిడితో ఉంటుంది కాబట్టి చిన్న పగులు కూడా తొందరగా చాంబరు ఖాళీ చేస్తుంది.

ముందు పుల్లీ వెనక సీలు: సీలు అంచు రాసుకుని పుల్లీ బొడ్డుమీద గాడి పడుతుంది. ఆ గాడిని చూడకుండా కొత్త సీలు వేస్తే మళ్లీ కారుతుంది. పుల్లీ మార్చాలి, లేదా దానికి స్లీవు వేయించాలి.

డ్రెయిను బోల్టు, చాంబరు ప్యాకింగు: ఆయిలు మార్చిన ప్రతిసారీ బోల్టు కింది రాగి వాషరు చూడండి. నలిగితే కొత్తది వేయండి.

క్లచ్ హౌసింగు కింద చుక్క పడితే

చాలా ట్రాక్టర్లకు హౌసింగు అడుగున చిన్న రంధ్రం, అందులో వేలాడే పిన్ను ఉంటాయి. మట్టితో అది మూసుకుపోతే ఆయిలు లోపలే నిలిచి క్లచ్ ప్లేటు తడుస్తుంది, జారుతుంది. పిన్ను కదిపి రంధ్రం తెరిచి ఉంచండి.

కారేది ఏ ఆయిలో కూడా తేల్చుకోండి. తెల్లకాగితం మీద ఆ చుక్క, పక్కనే ఇంజను గేజి చుక్క, గేరుబాక్సు ఆయిలు చుక్క వేసి చూడండి. ఇంజనుది నల్లగా ఉంటుంది. గేరు ఆయిలు చిక్కగా, ఘాటు వాసనతో ఉంటుంది. గేరు ఆయిలే అయితే ఇంజను సీలు జోలికి పోనక్కర్లేదు. ఇంజనుదే అయి, పైవన్నీ పొడిగా ఉండి, బ్రీదరూ బాగుంటే అప్పుడే ట్రాక్టరును విడదీయాలి. విడదీశాక సీలుతోపాటు క్రాంకు ఆట, క్లచ్ ప్లేటు కూడా చూపించుకోండి.

బిగించడంలో జాగ్రత్త

కారుతోందని పానాతో బలంకొద్దీ బిగిస్తే కవరు వంగుతుంది, ప్యాకింగు నలిగి బయటికొస్తుంది. కొత్త ప్యాకింగు వేసేముందు రెండు ముఖాలూ పాత గమ్ము లేకుండా గీకాలి. గమ్ము పలచగా, కవరు వైపే రాయాలి. ఎక్కువైతే లోపల ఊడిపడి ఆయిలు పీల్చే జల్లెడను మూసేస్తుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

చుక్కే కదా అనుకోవద్దు

పది సెకన్లకో చుక్క పడితే గంటకు 360 చుక్కలు. 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు లెక్కన 18 మిల్లీలీటర్లు. రోజుకు పది గంటలు దున్నితే ఆరు రోజుల్లో లీటరు దాటుతుంది. పొద్దున గేజి చూసి పోసుకుంటూ పంట పని ముగిశాక బాగుచేయించుకోవచ్చు. ధారగా కారినా, ప్రెషరు ముల్లు పడిపోయినా, ఎర్ర లైటు వెలిగినా మాత్రం ఆ సాలు మధ్యలోనే ఇంజను ఆపేయండి. ‘ఈ చాలు అయ్యాక చూద్దాం’ అంటే క్రాంకు పట్టేస్తుంది. అప్పుడు పోయేది ఆయిలు కాదు, ఆ ఏటి దుక్కి.