కొత్త మోటారు సైకిలు: ఊరి ప్రయాణానికి ముందు తొలి వేయి కిలోమీటర్లు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మోటారు సైకిలు కొనుగోలు తరచుగా సంక్రాంతి, ఉగాది ప్రయాణాలతో ముడిపడి ఉంటుంది. పండుగకు రెండు రోజుల ముందు బండి తెచ్చుకొని, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మరునాడే 44వ నంబరు జాతీయ రహదారిపై అనంతపురానికి బయలుదేరేవారు ఉన్నారు. ఆనాటికి ఆ బండి ఇంజను గాని, టైర్లు గాని, బ్రేకులు గాని దూర ప్రయాణానికి సిద్ధమై ఉండవు. అందుచేత ప్రయాణపు తేదీ నుండి వెనుకకు లెక్కించి బండి కొనే రోజును నిర్ణయించుకోవాలి.

లెక్క సులభమైనదే. పనికి రానుపోను రోజుకు 30 కి.మీ. తిరిగేవారికి 25 పనిదినాలలో 750 కి.మీ. పూర్తవుతాయి. తొలి సర్వీసింగు సాధారణంగా 500 నుండి 1,000 కి.మీ. మధ్య ఉంటుంది. ఖచ్చితమైన అంకె బండితో ఇచ్చే మాన్యువల్‌లో ఉంటుంది. సర్వీసింగుకు, ఆ తరువాతి పరీక్షకు మరొక వారం కలుపుకొంటే, పండుగకు ఆరు వారాల ముందే బండి ఇంటికి రావాలి.

నమోదు ఎక్కడ?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం యజమాని నివాసమో వ్యాపారమో ఉన్న రాష్ట్రంలో, బండి సాధారణంగా ఉండే చోట నమోదు జరగాలి. సొంత రాష్ట్రంలో నమోదు చేయించిన బండిని కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంచితే, ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ముందటి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడి పన్ను చెల్లించాలి. ఊరిలో కొంటే కలిసివస్తుందని తలచేవారు ఈ ఖర్చును, శ్రమను కూడా లెక్కలో వేసుకోవాలి. డ్రైవింగు లైసెన్సుకు ఈ చిక్కు లేదు. ఏ రాష్ట్రంలో పొందినా అది దేశమంతటా చెల్లుతుంది.

2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇది ఇతరులకు కలిగే నష్టానికి వర్తిస్తుంది. సొంత బండికి కలిగే నష్టానికి, దొంగతనానికి వేరే రక్షణ అవసరం. నంబరు ప్లేటు బిగించి, పత్రాలు చేతికి వచ్చిన పిమ్మటనే బండిని రోడ్డుపైకి తేవాలి.

ఇంజనును అలవాటు చేయడం

కొత్త ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడపై రాసుకుంటూ క్రమంగా ఒదుగుతాయి. ఆ రాపిడిలో సన్నని లోహపు రజను ఊడి ఆయిల్‌లో కలుస్తుంది. ఈ దశలో ఇంజనుపై ఎక్కువ భారం మోపితే వేడి పెరిగి, రింగులు సరిగా ఒదగవు.

మొదటి 500 కి.మీ. వరకు యాక్సిలరేటరును సగానికి మించి తిప్పకపోవడం మంచిది. చాలాసేపు ఒకే వేగంతో పోక, వేగాన్ని కొంత హెచ్చుతగ్గులు చేస్తుండాలి. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఇంజను గుంజుకుంటుంటే వెంటనే గేరు తగ్గించాలి. ఎడతెగని జాతీయ రహదారి కంటే నగరంలోని రోజువారీ రాకపోకలే ఇందుకు అనువైనవి.

కొత్త టైర్ల పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150 కి.మీ. మలుపులలో, తడి రోడ్డుపై నిదానం అవసరం. బ్రేకులు కూడా కొంత వాడిన తరువాతనే పూర్తి పట్టును ఇస్తాయి. ముందున్న వాహనానికి మామూలు కంటే ఎక్కువ దూరం పాటించాలి.

తొలి సర్వీసింగులో ఆయిల్‌ మార్పించి, చైను బిగింపు, బ్రేకులు, బోల్టులు చూపించుకోవాలి. సర్వీసు పుస్తకంలో ముద్ర, బిల్లు తప్పక తీసుకోవాలి. వారంటీ కోరేటప్పుడు అవే ఆధారాలు.

తొలి ప్రయాణం

సర్వీసింగు అయిన ఆదివారం సుమారు 60 కి.మీ. దూరంలోని చిక్కబళ్ళాపురం దాకా వెళ్లిరావడం మంచి పరీక్ష. ఆయిల్ కారుతున్నదా, చైను వదులైనదా, నడుము నొప్పి పుట్టినదా అన్నది అప్పుడే తెలుస్తుంది. అనంతపురం రమారమి 210 కి.మీ. తెల్లవారిన పిమ్మట బయలుదేరి, గంటకొకసారి ఆగాలి. బాగేపల్లి దగ్గర ఫలహారం చేస్తే దాదాపు సగం దూరం గడిచినట్లే.

చట్టం ప్రకారం వెనుక ఒక్కరే కూర్చోవాలి. ఇద్దరికీ ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్లు ఉండాలి. భార్యాభర్తల మధ్య బిడ్డను కూర్చోబెట్టుకొని పోవడం నేరమే కాక ప్రాణాపాయం. వెనుక కూర్చున్నది నాలుగేళ్ల లోపు బిడ్డ అయితే రక్షణ పట్టీ కట్టాలి, వేగం గంటకు 40 కి.మీ. మించరాదు. ఆ వేగంతో జాతీయ రహదారిపై లారీల నడుమ పోవడం క్షేమం కాదు. అటువంటి కుటుంబంలో తల్లీబిడ్డలు బస్సులోనో రైలులోనో వెళ్లడమే ఉత్తమం. బండి ఒక్కరితో వెళ్లినా, పండుగ నాటికి అందరూ ఇంట ఉంటారు.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి

1. తొలి సర్వీసింగు పూర్తయిందా?
2. చల్లని టైర్లలో గాలి, ఇద్దరి బరువుకు మాన్యువల్ చెప్పినంత ఉన్నదా?
3. లైసెన్సు, నమోదు పత్రం, బీమా పత్రం డిజిలాకర్‌లో గాని, చేతిలో గాని ఉన్నాయా?
4. వెనుక కూర్చునేవారికి హెల్మెట్ ఉన్నదా?