మస్కట్ సంఘంలో సేవకు పూనుకున్న అమ్మాయికి

చిరంజీవి తల్లిని మదనపల్లె నుంచి మీ పెదనాన్న ఆశీర్వదించి రాసేది. మస్కట్‌లో మన తెలుగు సంఘం నిన్ను సేవా కమిటీలో వేసిందని మీ అమ్మ చెప్పింది, ఇల్లంతా సంతోషపడింది. మొన్న ఫోనులో నువ్వు అడిగిన మాటకు మాత్రం రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం కుదరలేదు. బయటికి వెళ్లి సువార్త చెప్పే వీలు లేని దేశంలో సంఘం చేసే పరిచర్య ఏముంటుంది, ఆరాధనా, ప్రేమవిందూ తప్ప? అని కదా నువ్వు అడిగింది. చేయాల్సింది చాలా ఉంది. నీ కంటే ముందు ఆ ఊళ్లో చేసి చూపించినవాళ్లున్నారు. వాళ్ల సంగతి తెలిస్తే సగం దారి తెలిసినట్టే.

1889లో అమెరికాలోని న్యూ బ్రన్స్‌విక్ వేదాంత కళాశాలలో ప్రొఫెసర్ లాన్సింగ్, ఆయన శిష్యులు జేమ్స్ కాంటైన్, శామ్యూల్ జ్వేమర్ కలిసి అరేబియన్ మిషన్ మొదలుపెట్టారు. వాళ్లది రిఫార్మ్‌డ్ చర్చి. డచ్చివాళ్ల నుంచి వచ్చిన సంఘం, పెద్దల సభ నడిపించే ప్రెస్బిటేరియన్ పద్ధతి. వాళ్లకు ముందే ఏడెన్‌లో స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ యువకుడు అయాన్ కీత్ ఫాల్కనర్ పని ప్రారంభించి, 1887లో ముప్పై ఏళ్లకే జ్వరంతో కన్నుమూశాడు. ఇక్కడ నీకు దగ్గరి విషయం ఒకటుంది. ఆ రిఫార్మ్‌డ్ చర్చే అంతకు ముందు ఆర్కాటు మిషన్ పేరుతో మన వైపు వచ్చింది. వేలూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ ఆ సంఘం మనిషే. మన ఊళ్లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వాళ్లు పెట్టిందే. క్షయరోగులకు ఊరు బయట ఆరోగ్యవరం కట్టిన మిషన్లలో వాళ్లూ ఉన్నారు. మదనపల్లెలో పుట్టిన పిల్లవి మస్కట్‌లో నర్సుగా చేరావంటే, ఒకే సంఘం నాటిన రెండు ఊళ్ల మధ్య తిరుగుతున్నావన్నమాట.

మస్కట్‌కు మొదట వచ్చినవాడు డాక్టరు కాదు, బోధకుడు. లాహోరు బిషప్ పదవి వదులుకున్న థామస్ వాల్పీ ఫ్రెంచ్ 1891 ఫిబ్రవరిలో దిగాడు. అరవై ఆరేళ్ల మనిషి. వీధిలో కూర్చుని అరబ్బీలో చదివి వినిపించేవాడు. మే నెల ఎండకు తాళలేక అక్కడే పోయాడు. పడవ మీద తప్ప చేరలేని చిన్న సముద్రపు మడుగు ఒడ్డున ఆయన సమాధి ఉంది. 1893లో శామ్యూల్ తమ్ముడు పీటర్ జ్వేమర్ వచ్చి మస్కట్‌లో మిషన్ కేంద్రం తెరిచాడు. 1896లో బ్రిటిషువాళ్లు బానిసల పడవను పట్టుకుని, అందులోని పద్దెనిమిది మంది ఆఫ్రికా పిల్లలను ఎవరికి అప్పగించాలో తెలియక ఆయన చేతిలో పెట్టారు. ఆయన కాదనలేదు. కూడు పెట్టి, బట్ట కట్టించి, చదువు చెప్పి, చేతిపని నేర్పించాడు. 1898లో జబ్బుపడి అమెరికాలో చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన జార్జి స్టోన్ 1899లో, వచ్చిన కొన్ని నెలలకే, బర్కాలో ఎండదెబ్బకు పోయాడు.

ఈ మరణాల జాబితా నిన్ను భయపెట్టడానికి కాదు. బోధ కోసం వచ్చిన మిషన్ అక్కడ నిలదొక్కుకున్నది ఆ పద్దెనిమిది మంది పిల్లల దగ్గరే అని పెదనాన్న నమ్మకం. ఎదురుగా వచ్చిన అవసరాన్ని కాదనకపోవడం అక్కడే మొదలైంది.

తర్వాత డాక్టర్లు వచ్చారు. షారన్ థామ్స్ 1909లో వచ్చి మస్కట్ పక్కనే ఉన్న మత్రాలో వైద్యం మొదలుపెట్టాడు. 1913 జనవరిలో టెలిఫోన్ తీగ బిగిస్తూ స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. అదే ఏడు మస్కట్‌లో ఆడవాళ్ల కోసం డాక్టర్ సారా హాస్మన్ వైద్యశాల తెరిచింది. ఆమె గురించి నువ్వు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఒక కాలు కొయ్యకాలు. ఆ కాలితోనే పురుడు పోయడానికి ఇళ్లకు వెళ్లేది. మగ డాక్టరు ముందుకు రాని ఆడవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. పాతికేళ్లకు పైగా ఒమన్‌లో పనిచేసి, పాత మిషన్ నుంచి బయటికి వచ్చి స్వతంత్ర ప్రెస్బిటేరియన్ మిషన్ బోర్డులో చేరింది. 1952లో, అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో, షార్జాలో ఆసుపత్రి పెట్టి 1964లో పోయేదాకా నడిపింది.

షారన్ కొడుకు వెల్స్ థామ్స్ కూడా డాక్టరై 1939లో తండ్రి పనిచేసిన మత్రాకే వచ్చాడు. 1970 దాకా అక్కడే ఉన్నాడు. కుష్ఠు, క్షయ, కంటిజబ్బులు, కాన్పులు అన్నీ ఆయన చేతి మీదుగానే. 1955లో వచ్చిన డాక్టర్ డొనాల్డ్ బాష్, ఆయన భార్య, టీచరు ఎలోయిస్ ఒమన్‌నే సొంత ఊరు చేసుకున్నారు. వాళ్లిద్దరూ ఒమన్ గవ్వల మీద పెద్ద పుస్తకం కూడా వేశారు. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి దేశం మొత్తానికి మూడే బడులు, పట్టుమని పది కిలోమీటర్ల తారురోడ్డు. వైద్యమంటే చాలామందికి తెలిసింది మత్రా, మస్కట్‌లలోని ఈ మిషన్ ఆసుపత్రులే. 1970ల తొలినాళ్లలో వాటిని ప్రభుత్వానికి అప్పగించేశారు. పేరు కోసం పట్టుకు వేలాడలేదు, కొందరు డాక్టర్లు ప్రభుత్వ జీతం మీద అదే పనిలో కొనసాగారు.

ఒక నిజం దాచకూడదు. ఎనభై ఏళ్ల ఆ శ్రమకు మతం మారినవాళ్లను లెక్కపెడితే మిషన్ ఓడిపోయిందనే అనాలి. చాలా తక్కువమంది. అయినా సుల్తాన్ ఖాబూస్ చర్చిలకు స్థలం ఇచ్చాడు. ఈరోజు రువీ, ఘాలా, సొహార్, సలాలాలలో చర్చి ఆవరణలు ఉన్నాయంటే, ఒక తరం ఒమానీలకు కాన్పు చేసి కళ్లు బాగుచేసిన ఆ చేతుల మీద గౌరవం అందులో ఉందని పెదనాన్న అభిప్రాయం. రిఫార్మ్‌డ్ చర్చి, ఆంగ్లికన్‌లు కలిసి నడిపే ప్రొటెస్టెంట్ చర్చి ఇన్ ఒమన్ నీడలోనే మనలాంటి భాషా సంఘాలు గంటల లెక్కన హాలు పంచుకుని శుక్రవారం ఆరాధించుకుంటున్నాయి. మన ఆరాధనకు ముందు ఒక సంఘం, తర్వాత ఒక సంఘం. హాలు తాళం మన చేతిలోకి వచ్చే ముందే ఆ స్థలానికి ఒక చరిత్ర ఉంది.

ఇక నీ పని.

మొదట హద్దులు తెలుసుకో. ఆచారాల ప్రకారం ఆరాధించుకునే స్వేచ్ఛ ఒమన్ రాజ్యాంగ చట్టం ఇచ్చింది. అది అనుమతి ఉన్న ఆవరణలోనే. ఫ్లాట్‌లో పదిమందిని పోగేసి కూడిక పెట్టడం, కరపత్రాలు పంచడం, ముస్లింలకు బోధించడం చట్టం ఒప్పుకోదు. అనుమతి లేకుండా బయట చందాలు పోగుచేయడమూ నేరమే. ఊళ్లో అలవాటు కొద్దీ ఎవరో వాట్సాప్‌లో ఖాతా నంబరు పెట్టి "సహాయం చేయండి" అని పంపుతారు. అది చూసిన వెంటనే తీయించు. డబ్బు ఏదైనా సంఘం లెక్కలో, పాస్టరుగారికీ పెద్దలకూ తెలిసి కదలాలి. ఈ హద్దులను చూసి నీరసపడకు. బోధించడానికి వీల్లేనప్పుడు మిగిలేది సహాయమే, దానికి బదులు ఏమీ అడగకుండా చేసే సహాయం.

నీ దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఎవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడపడుచులు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి కట్టడం పనికి వచ్చిన అన్నదమ్ములు. శుక్రవారం సెలవిచ్చే యజమాని దొరికినామె అదృష్టవంతురాలు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి, చేతిసంచిలో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాలుగుసార్లు మడిచిన వీసా కాగితం చూపిస్తుంది. అందులో జీతం ఒకటి రాసి ఉంటుంది, చేతికి వచ్చేది ఒకటి. పాస్‌పోర్టు ఏదమ్మా అంటే "మేడమ్ దగ్గర" అంటుంది. కాగితం అరబ్బీలో ఉంటే తను సంతకం పెట్టింది దేనికో తనకే తెలియదు.

అప్పుడు ప్రార్థన చేసి పంపించేయకు. ప్రార్థన చెయ్యి, ఆ కాగితం కూడా చదివించు. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని ఒమన్ ప్రభుత్వం 2006లోనే సర్క్యులర్ ఇచ్చింది. పాస్‌పోర్టు, వీసా, రెసిడెంట్ కార్డు ఫొటోలు తీసి ఊళ్లో అన్నకో, తమ్ముడికో పంపించమని చెప్పు. ఎన్ని నెలల జీతం రావాలో తేదీలతో రాయించు. ఇంట్లో కొడుతున్నారనో, తిండి పెట్టడం లేదనో పారిపోయి వస్తే నీ గదిలో దాచకు. జాలితో చేసినా, యజమాని ఫిర్యాదు ఇస్తే అది ఆమెకూ నీకూ కేసవుతుంది. అదే రోజు మరో పెద్దమనిషిని తోడు తీసుకుని భారత రాయబార కార్యాలయానికి తీసుకెళ్లు. అక్కడ 2009 నుంచి భారతీయ సముదాయ సంక్షేమ నిధి అని ఒకటుంది. చిక్కుకుపోయినవాళ్లకు తాత్కాలిక ఆశ్రయం, టికెట్టు, మృతదేహం పంపడం దాని నుంచి జరుగుతాయి. భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం కమిటీలో కనీసం ఇద్దరికి రావాలి. ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు గొంతు పెంచకు. గుమాస్తా పేరు గుర్తుపెట్టుకో, కాగితం నంబరు రాసుకో, మళ్లీ వెళ్లు.

మగవాళ్ల సంగతి వేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది, చాలామంది కూలీలకు అది తమ హక్కని తెలియదు. నువ్వు నర్సువి, ఎండదెబ్బ లక్షణాలు తెలుగులో ఒక పేజీ రాసి, ఆరాధనకు వచ్చినవాళ్లకు చదివి వినిపించు. స్టోన్ పోయింది ఆ ఎండకే. 2021 జనవరి నుంచి ఒప్పందం పూర్తయినవారు పాత యజమాని అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం (ఎన్‌ఓసీ) లేకుండా వేరే కంపెనీకి మారవచ్చన్న సంగతీ చెప్పు. 2021 అక్టోబరులో షాహీన్ తుపాను బాతినా తీరాన్ని ముంచెత్తింది. అలాంటి వేళ ఎవరి క్యాంపు ఎక్కడుందో, ఎవరి ఫోను నంబరు ఏమిటో ముందే రాసి పెట్టుకున్న సంఘమే పనికొస్తుంది.

మరణాలు వస్తాయి, సిద్ధపడాలి. ఆసుపత్రి పత్రం, పోలీసు పత్రం, కంపెనీ సంతకం, ఎంబసీ అనుమతి, విమానంలో చోటు. ఒక్కటి ఆగినా ఊళ్లో తల్లి రోజూ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆ తల్లికి రోజుకొకసారి ఫోను చేసి, పని ఎక్కడిదాకా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కమిటీలో ఒకరిని పెట్టు. తెలంగాణవాళ్లయితే, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తుందని, ఒమన్ కూడా ఆ జాబితాలో ఉందని చెప్పు. చాలా ఇళ్లకు దరఖాస్తు పెట్టాలనే తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. సహాయం పొందిన ఆడమనిషిని వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకు. ఆమె కన్నీళ్ల ఫొటో సంఘం గ్రూపులో పెట్టనివ్వకు. రేపు ఆమె ఊరికి వెళ్లి అత్తమామల మధ్య బతకాలి. తన ఇష్టంతో ఎప్పుడైనా చెప్పుకుంటే అది వేరు. అలాగే హిందువా, ముస్లిమా, క్రైస్తవురాలా అని అడిగాక సహాయం మొదలుపెట్టే అలవాటు మన సంఘాల్లో కొన్నిచోట్ల ఉంది. అది తప్పు. వచ్చే వారం ఆరాధనకు రమ్మని షరతు పెట్టడం అంతకంటే తప్పు. సారా హాస్మన్ దగ్గరికి వచ్చిన బిడ్డతల్లి ముస్లిమేనని ఆమెకు తెలుసు, పురుడు పోసింది.

అన్నీ ఒక్కదానివే నెత్తిన వేసుకోకు. నీకు నైట్ డ్యూటీలున్నాయి. స్త్రీల మైత్రిలోని పెద్దవాళ్లను కలుపుకో. మలయాళీ, తమిళ సంఘాలు ఈ పనిలో మనకంటే ముందున్నాయి, వెళ్లి నేర్చుకోవడానికి సిగ్గుపడకు.

ఇక ఇక్కడి పని మాది. ఈసీఆర్ (విదేశీ పనికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన ఉంది. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడపిల్ల ముప్పై ఏళ్లు నిండకుండా ఆ పనికి వెళ్లకూడదు. అయినా ఏజెంట్ విజిటింగ్ వీసా చేతిలో పెట్టి దుబాయి మీదుగా దాటిస్తున్నాడు. ఆ ఏజెంట్ మాటకంటే ముందు మన సంఘం పాస్టరుగారి మాట పల్లెకు చేరాలి. కాబట్టి తల్లీ, ఈ నెలలోగా ఒక పని చేసిపెట్టు. అక్కడ నీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు "ఇది ముందే తెలిసుంటే వచ్చేదాన్ని కాదు" అని ఏ విషయాల గురించి అంటున్నారో, వాళ్ల పేర్లు రాయకుండా, వాళ్ల మాటల్లోనే రాసి పంపు. జీతం గురించి, పాస్‌పోర్టు గురించి, గది గురించి, ఏదైనా సరే. దాన్ని పల్లెసంఘాల్లో ఆదివారం ఆరాధన అయ్యాక చదివించే బాధ్యత మీ పెదనాన్నది. నువ్వు ఎంత త్వరగా పంపితే అంత మంచిది, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినవాళ్లు ఇప్పటికే కొందరున్నారు.